సమాధానం: సెలైన్ చుక్కల లెక్కలో 42కి బదులు 125 ఎందుకొచ్చింది?

మీరు ఆపేసింది గంటకు ఎన్ని ఎం.ఎల్. అన్న దగ్గర. 500 ఎం.ఎల్. సెలైన్ 4 గంటల్లో ఎక్కించాలి, సెట్ (సెలైన్ ఎక్కించే గొట్టం) ఒక ఎం.ఎల్.కి 20 చుక్కలది అన్నారు కదా, నిమిషానికి ఎన్ని చుక్కలో కావాలి. 500ని 4తో భాగిస్తే 125. అది గంటకు ఎం.ఎల్., నిమిషానికి చుక్కలు కాదు.

1. గంటల్ని నిమిషాలు చేయండి: 4 × 60 = 240.
2. మొత్తం చుక్కలు: 500 × 20 = 10,000.
3. 10,000 ÷ 240 = 41.67. సగం చుక్క ఉండదు కాబట్టి నిమిషానికి 42.

అందరూ వదిలేసేది ఆ 20. ఒక ఎం.ఎల్.కి ఎన్ని చుక్కలో సెట్ కవరు మీదే చిన్న అక్షరాల్లో ఉంటుంది. చించి పారేసే ముందు చదవండి. పిల్లలకు వాడే మైక్రో డ్రిప్ (చిన్న చుక్కల) సెట్‌కి ఒక ఎం.ఎల్.కి 60 చుక్కలు. దానికి మాత్రం గంటకు ఎన్ని ఎం.ఎల్.లో నిమిషానికి అన్నే చుక్కలు, అంటే 125 సరిపోతుంది. తికమక పుట్టేది ఇక్కడే.

పరీక్షలో పోతే ఒక మార్కే. వార్డులో 20 చుక్కల సెట్‌ని నిమిషానికి 125 చుక్కలకి తిప్పితే 4 గంటల బాటిల్ 80 నిమిషాల్లో ఖాళీ. గుండె జబ్బున్న పెద్దాయనకైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. ఒంగోలులో నా దగ్గరికి ట్రైనింగుకి వచ్చే పిల్లలకు ముందు కవరు చదివించాకే చుక్కల వేగం మార్చే రోలర్ ముట్టుకోనిస్తాను.

4. వాచీ పట్టుకుని ఛాంబర్‌లో (చుక్కలు పడే చిన్న గొట్టంలో) 15 సెకన్లు లెక్కపెట్టండి, నిమిషానికి 42 అయితే 10 లేదా 11 చుక్కలు పడాలి. రోగి చెయ్యి మడిచినా వేగం మారుతుంది, కాసేపాగి మళ్ళీ చూడండి.

కావలిలో మీ ప్రాక్టికల్స్‌లో రెండు సెట్ల కవర్లూ పక్కపక్కన పెట్టి చూడండి.