వాడుతున్న మాత్ర ఆపి ట్రయల్‌లో చేరొచ్చా? – డాక్టర్ సలహా

ప్రశ్న: నాకు 33 ఏళ్లు సార్, మాది ఒడిశాలో పర్లాకిమిడి. మా ఆయన సూరత్‌లో మిల్లు పని. ఏడాదిగా దేనిమీదా మనసు పోదు, తెల్లారుజామునే మెలకువొచ్చేసి ఏడుపొస్తుంది. బరంపురంలో డాక్టరుగారు డిప్రెషన్‌కి ఎస్సిటలోప్రామ్ 10 మాత్ర రాశారు, ఐదు నెలలుగా వాడుతున్నా, సగం నయమే. ఇప్పుడు విశాఖలో డిప్రెషన్‌కి కొత్త మందు ట్రయల్ జరుగుతోందని ఫోనొచ్చింది. మందులు, టెస్టులు ఫ్రీ, దారి ఖర్చులు కూడా ఇస్తారట. ఇప్పుడు వాడే మాత్ర ఆపేసి రెండు వారాలయ్యాక రమ్మన్నారు. వాట్సాప్‌లో పంపిన కాగితాలు తెలుగులో ఉన్నాయి, నేను చదివింది ఒడియా మీడియం, తెలుగు మాట్లాడతాను గానీ చదవడం కష్టం. మా అత్తగారికి ఈ మాత్రల సంగతే తెలీదు. చేరొచ్చా?

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్ర ఆపకండి. ఒకవేళ ఇప్పటికే ఆపేసి ఉంటే ఈరోజే బరంపురం డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి, ఆయన తిట్టినా సరే.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ట్రయల్‌లో పాత మందు ప్రభావం కొత్తదానితో కలిసిపోకుండా కొన్నాళ్లు ఆపించడం మామూలే, దాన్ని వాషౌట్ అంటారు, కానీ అది కూడా ట్రయల్‌లో భాగమే. మీకు అన్నీ వివరించి, మీ సందేహాలు తీర్చి, మీరు సంతకం పెట్టాకే అది మొదలవ్వాలి, ఫోన్‌లో ఎవరో చెప్తే కాదు. ఎస్సిటలోప్రామ్ ఒక్కసారిగా మానేస్తే కొంతమందికి తల తిరగడం, వికారం, చిరాకు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమనడం వస్తాయి. అవి కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి చాలామందికి. నాకు అసలు భయం వేరే, ఐదు నెలలు కష్టపడి తెచ్చుకున్న ఆ సగం నయం కూడా పోయి మళ్లీ ఆ తెల్లారుజాము ఏడుపు దగ్గరికే వచ్చేస్తారేమోనని.

ఇంకోటి, సగం నయమంటే మందు పనిచెయ్యలేదని కాదు. 10 మిల్లీగ్రాములనేది మొదటి మెట్టు, మీ వయసువాళ్లకి 20 దాకా పెంచొచ్చు, మందు మార్చొచ్చు, కౌన్సెలింగ్ కలపొచ్చు. ఇవేవీ చూడకుండానే ట్రయల్‌కి వెళ్లడం తొందరపాటని నా అభిప్రాయం. ఎవరూ చేరకపోతే కొత్త మందులు రావు, మీరిప్పుడు వేసుకుంటున్న మాత్ర కూడా ఒకప్పుడు ఎందరో ట్రయల్‌లో చేరబట్టే వచ్చింది, వాళ్లంటే నాకు గౌరవం. కానీ ట్రయల్ ఆ మందు పనిచేస్తుందా లేదా తెలుసుకోడానికి పెట్టింది, మిమ్మల్ని బాగుచెయ్యడం కోసమే పెట్టింది కాదు. డిప్రెషన్ ట్రయల్స్‌లో చాలావాటిలో కొందరికి అసలు మందు, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే, మందేమీ లేని ఉత్త మాత్ర ఇస్తారు, ఎవరికేది పడిందో మీకూ తెలీదు, ఇచ్చే డాక్టరుకీ తెలీదు. ఉత్త మాత్ర పడ్డవాళ్లలో కూడా చాలామందికి కొంత తేలికవుతుంది, వారం వారం ఎవరో కూర్చుని శ్రద్ధగా అడగడం, వినడం వల్ల కూడా కావచ్చు. కాకపోతే మీకు ఉత్త మాత్ర పడి, పాత మాత్రా లేక, ఆ వారాలెలా గడుస్తాయన్నది ముందే ఆలోచించుకోవాలి. మధ్యలో మనసు మరీ కుంగిపోతే ఏం చేస్తారు, ట్రయల్ అయిపోయాక ఏ మందు ఇస్తారు, ఎవరిస్తారు, ఇవి వాళ్లనే అడగండి.

ఇక కాగితాల విషయం. మీ ఏరియాలో ఇది చాలామందికి ఉన్న ఇబ్బందే, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది, ఒడియా కాగితం కావాలని మొహమాటం లేకుండా అడగండి. లేదంటే ప్రతి పేజీ తెలుగులో చదివి వినిపించమనండి, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు మొదట్నుంచి చివరిదాకా పక్కనుండాలి. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో చాలామంది పిల్లల కాగితాలమీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు, 2013లో పార్లమెంటు కమిటీ దాన్ని తప్పుపట్టింది. కాబట్టి మీ తరఫున ఇంకొకళ్లు సంతకం పెడతానంటే ఒప్పుకోకండి. సంతకం పెట్టిన కాపీ ఒకటి మీకివ్వాలి, అందులో ట్రయల్‌లో చేరినవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ కూడా ఉంటుంది. పెట్టాక కూడా ఎప్పుడైనా మానేయొచ్చు, దానివల్ల మీ మామూలు వైద్యం ఆగకూడదు. 2019 రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల ఒంటికి ఏదైనా అయితే వైద్యం వాళ్ల ఖర్చే, నష్టపరిహారం కూడా ఉంటుంది. సీటీఆర్ఐ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, మన దేశంలో ప్రతి ట్రయలూ ఆ రిజిస్టర్‌లో ఉండాల్సిందే, ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. నంబర్ చెప్పడానికి తడబడితే అక్కడితో వదిలెయ్యండి.

మీ ఆయన అప్పుడప్పుడైనా ఇంటికి వస్తాడు కదా, పిల్లల ఆలోచన ఉంటే ఆ మాట కూడా డాక్టరు దగ్గర దాచొద్దు. మీ వయసు ఆడవాళ్లకి ఇలాంటి ట్రయల్స్‌లో ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేస్తారు, నడుస్తున్నన్నాళ్లూ గర్భం రాకుండా జాగ్రత్త పడమంటారు. అలాగే ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలుపు లేకుండా, ఎక్కడలేని హుషారుగా, డబ్బు ఇష్టమొచ్చినట్టు ఖర్చుపెడుతూ గడిపిన కాలం ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి. అది బైపోలార్ అయ్యుండొచ్చు, అలాంటివాళ్లకి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మళ్లీ ఆ అతి హుషారులోకి వెళ్లిపోయే ప్రమాదముంది. చెట్టు మందులు వాడుతుంటే అవీ చెప్పాలి.

అత్తగారికి చెప్పాలా వద్దా మీ ఇష్టం అమ్మా, ఆ ఇంటి సంగతి నాకంటే మీకే తెలుసు. కానీ ట్రయల్‌లో చేరినా చేరకపోయినా ఒక్కరికైనా తెలిసుండాలి, అక్కో, పక్కింటి వదినో, సూరత్‌లో ఉన్న ఆయనో. మందు మారినప్పుడు, మానినప్పుడు మొదటి వారాల్లో మనసు ఎటైనా జారొచ్చు, మీకు తెలియకముందే పక్కనున్నవాళ్లకి కనబడుతుంది. చచ్చిపోవాలనిపించినా, ఆ రాత్రి గడవడం కష్టమనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, 24 గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, ఒడియాలోనూ మాట్లాడొచ్చు.