కొండబాట సైకిళ్ళు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వానల తరవాత పాడైన బాటల గురించే. అందుకే మొదటి జవాబు పెద్దదైంది.

ప్రశ్న: ఊరి బయట గుట్ట మీద మేం ఏడెనిమిది మందిమి మౌంటెన్ బైకులు తొక్కే బాట ఒకటి ఉంది. వానాకాలం వచ్చిందంటే ఒక దిగుడు దగ్గర మధ్యలో జానెడు లోతు గాడి పడుతోంది. ట్రాక్టరుతో మొరం తెప్పించి పూడుస్తున్నాం. రెండు పెద్ద వానలకే అంతా కొట్టుకుపోతోంది. ఇంకేం చేయాలి? (వికారాబాద్ జిల్లా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు మొరం పోయడం ఆపండి. పైనుంచి వచ్చే నీళ్ళకు పక్కకు పోయే దారి దొరకనంత కాలం, మీరు పోసిన వదులు మొరాన్నే అవి మొదట ఎత్తుకుపోతాయి. ఒకసారి వాన పడుతున్నప్పుడే వెళ్ళి, నీళ్ళు బాటలోకి ఎక్కడ దిగుతున్నాయో, ఎక్కడ వేగం అందుకుంటున్నాయో చూసి రాళ్ళతో గుర్తు పెట్టుకోండి. మరమ్మతు గాడి దగ్గర మొదలుపెట్టకూడదు. దానికి ఎగువన, నీళ్ళు నెమ్మదిగా ఉన్నచోట మొదలుపెట్టాలి.

తరవాత వాలు కొలవండి. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు లెవెలు చాలు. పైపులో బుడగలు లేకుండా నీళ్ళు నింపి, ఒకే కొలతలు గీసిన రెండు కర్రలకు రెండు కొసలూ కట్టి, బాట వెంట 10 మీటర్ల దూరంలో నిలబెట్టండి. రెండు కర్రల మీదా నీటిమట్టం చూపే కొలతల్లో తేడా 1 మీటరు ఉంటే వాలు 10 శాతం. అదేచోట గుట్ట వాలును, అంటే బాటకు అడ్డంగా పైనుంచి కిందికి, ఇలాగే కొలవండి. బాట వాలు గుట్ట వాలులో సగం దాటకూడదు. గుట్ట 24 శాతం ఉంటే బాట 12కి మించరాదు. దాటితే నీళ్ళు బాటను అడ్డంగా దాటిపోవడం మానేసి దాని వెంటే పారతాయి. మొత్తం బాట మీద సగటు వాలు 10 శాతం లోపు ఉంచుకుంటే మన గట్టి మొరం నేలలు నిలబడతాయి.

కొలత సగం లోపే ఉందా? అయితే మీ బాట బతుకుతుంది. తొక్కగా తొక్కగా చక్రాల కింద నేల కుంగి, దిగువ అంచున చిన్న గట్టు లేచి ఉంటుంది. నీళ్ళను బాటలోనే బంధించేది అదే. పారతో దాన్ని పూర్తిగా తీసేసి, బాటను దిగువ వైపుకు 5 శాతం వాల్చండి. 60 సెంటీమీటర్ల వెడల్పు బాటకు అది 3 సెంటీమీటర్లే. కంటికి పెద్దగా ఆనదు, నీళ్ళకు మాత్రం చాలు. తీసిన మట్టిని అంచునే పోసి వదలకండి, మళ్ళీ గట్టు తయారవుతుంది.

ఆ తరవాత మళ్ళింపు పల్లాలు. దిగుడులో 3 మీటర్ల పొడవున బాటను చెంచాలా లోతు చేసి, ఆ మట్టినే దాని దిగువన ఇంకో 3 మీటర్ల పొడవున మెల్లగా ఎక్కి దిగే మూపురంలా పోయండి. దిమ్మిస కొట్టాక మూపురం ఎత్తు 30 సెంటీమీటర్లు మిగలాలి. ఒక్కోసారి 10 సెంటీమీటర్లకు మించి మట్టి పోయకుండా పొరలు పొరలుగా కొట్టాలి. ఒకేసారి పోసి పైపైన కొడితే లోపల వదులుగానే ఉండిపోయి మొదటి వానకే కూలుతుంది. పల్లం అట్టడుగున నీళ్ళు బయటికి పోయే నోరు మీటరుకు తగ్గకుండా వెడల్పు ఉండాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. పార వెడల్పు కాలువ తవ్వి సరిపెడతారు. అందులో ఆకులూ ఇసుకా పేరుకుని మూసుకుపోతుంది, నీళ్ళు మూపురం మీదుగా దూకుతాయి. వాలు ఎక్కువున్నచోట 10-15 మీటర్లకొక పల్లం, తక్కువున్నచోట 25-30 మీటర్లకొకటి పెట్టుకోండి.

కొలత సగం దాటితే మాత్రం ఎంత కష్టపడ్డా ఆ ముక్క నిలవదు. గుట్టను అడ్డంగా కోస్తూ పోయే కొత్త దారి వేసి, పాతది మూసేయాలి. పాత గాడిలో అక్కడక్కడ రాళ్ళు అడ్డంగా పేర్చితే ఒండ్రు నిలిచి నెమ్మదిగా పూడుతుంది. గడ్డి దానంతటదే వస్తుంది. మీ ఊళ్ళో ఉపాధి హామీ పనుల్లో గుట్టల మీద కందకాలు తవ్వినవాళ్ళు ఉంటే ఒక పూట వెంట తీసుకెళ్ళండి. నీళ్ళు ఎటు తిరుగుతాయో చూడగానే పట్టేస్తారు.

దారి మార్చడానికి జాగా లేకపోతే ఆ నాలుగైదు మీటర్లకూ రాళ్ళు పరవండి. గరుకు గ్రానైటు రాళ్ళే వాడాలి. తాండూరు బండ, షాబాదు బండ చౌకగా దొరుకుతాయని వేయకండి, తడిస్తే చక్రం నిలవదు. ప్రతి రాయీ మూడింట రెండు వంతులు నేలలోకి దిగాలి. ఎక్కి నిలబడితే కదిలే రాయిని తీసి మళ్ళీ పాతండి.

ఈ పనులకు అదను వానలు వెనకబట్టే రోజులు, సెప్టెంబరు చివర, అక్టోబరు. మట్టి పిడికిట్లో ముద్దయి, చేతికి అంటకుండా ఉండాలి. ఎండాకాలపు దుమ్ము ఎంత దిమ్మిస కొట్టినా కుదురుకోదు.

ప్రశ్న: మా వైపు నల్లరేగడి. వాన వెలిశాక ఎన్నాళ్ళకు తొక్కవచ్చు? (కర్నూలు)

జవాబు: రోజులు లెక్కపెట్టకండి, నేలను చూడండి. మొరం నేల ఎండ కాస్తే మర్నాటికే సిద్ధమవుతుంది. రేగడి నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, వదలడానికి వారమైనా పట్టవచ్చు. బాట మొదట్లోనే నాలుగడుగులు తొక్కి దిగి చూడండి. టైరు అచ్చు సెంటీమీటరు కంటే లోతుగా పడినా, మట్టి టైరుకు చుట్టుకున్నా వెనక్కి తిరగండి. తడి రేగడిలో పడిన అచ్చు ఎండితే ఇటుకలా గట్టిపడుతుంది, వచ్చే వానకు అదే కాలువ. పైగా ఫ్రేముకూ టైరుకూ మధ్య బంక ఇరుక్కుని వెనక డీరెయిలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డీరెయిలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) విరుగుతుంది. ఇంటికొచ్చాక కారు కడిగే ప్రెషరు పైపు హబ్బుల మీదికి, పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ మీదికి పెట్టకండి. సీళ్ళు దాటి నీళ్ళు లోపలికెళ్ళి గ్రీజును తరిమేస్తాయి. బకెట్టు, బ్రష్షు, గుడ్డ చాలు.

ప్రశ్న: వారానికి రెండు పంక్చర్లు. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు. ట్యూబ్‌లెస్ చేయించుకుంటే తగ్గుతాయా? (అనంతపురం)

జవాబు: పల్లేరు వరకు దాదాపు పూర్తిగా తగ్గుతాయి. సర్కారు తుమ్మ ముల్లు ట్యూబును ఇటు నుంచి అటు దూసుకుపోతుంది, ట్యూబ్‌లెస్ టైరులో మాత్రం సాధారణంగా ఒక చిల్లే, దాన్ని టైరు లోపల పోసే సీలెంట్ ద్రవం మూస్తుంది. మీ రిమ్మూ టైరూ రెండూ ట్యూబ్‌లెస్‌కు తగినవై ఉండాలి, ఇది ముందే చూసుకోండి. రిమ్ లోపలి వెడల్పు కంటే 2-3 మిల్లీమీటర్లు ఎక్కువున్న టేపు, వాల్వులు, సీలెంట్ కొనాలి. రిమ్మును స్పిరిటుతో తుడిచి, టేపును గట్టిగా లాగుతూ అంటించండి. జిడ్డు మిగిలితే ఆ సందులోంచే గాలి దిగుతుంది. 29 అంగుళాల చక్రం, 2.3 టైరుకు సుమారు 100 మిల్లీలీటర్ల సీలెంట్ పోయండి. మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. చక్రాన్ని చెవి దగ్గర ఊపినప్పుడు గలగల వినపడకపోతే మళ్ళీ పోయాలి. ట్యూబ్‌లెస్ పెట్టినా పంక్చర్లే అనేవాళ్ళలో చాలామంది చేసే తప్పు అలా మళ్ళీ పోయకపోవడమే.

గాలి: 70 కిలోల మనిషికి ముందు 22, వెనక 25 పి.ఎస్.ఐ. దగ్గర మొదలుపెట్టి, రాళ్ళకు రిమ్ము తగులుతుంటే ఒక్కొక్కటి పెంచండి. ట్యూబుతోనే తొక్కేవాళ్ళు 30 దగ్గర ఉంచాలి. అంతకంటే బాగా తగ్గితే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలా పడితే ముల్లు కోసం వెతకనక్కరలేదు, గాలి తక్కువైందన్నమాట. ఒక్క చిల్లే అయితే కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల పాత నూలు గుడ్డ ఒక చుట్టు తిప్పండి. ముల్లు ఎక్కడున్నా గుడ్డ పట్టుకుంటుంది, వేలు తెగదు.

ప్రశ్న: బాట పక్క సర్కారు తుమ్మ ఎన్నిసార్లు కొట్టినా ఇంకా గుబురుగా లేస్తోంది. (ఒంగోలు)

జవాబు: నేల పైన కొడితే మొద్దు చుట్టూ పది పిలకలు లేస్తాయి. మొదలు చుట్టూ జానెడు లోతు తవ్వి, వేరు పైభాగాన్ని గడ్డపారతో పెకలించాలి. కొట్టిన కొమ్మల్ని దిగువ వైపుకు లాగి దూరంగా కుప్ప వేయండి. ఎగువన పడేస్తే ఎండిన ముళ్ళు వాన నీళ్ళతో బాట మీదికే వస్తాయి. హ్యాండిల్‌బారుకు రెండు వైపులా అర మీటరు, ఎత్తు రెండున్నర మీటర్లు ఖాళీ ఉంటే చాలు. అంతకు మించి నరకకండి. నీడ పోతే గడ్డి, పల్లేరు పెరుగుతాయి, మలుపుల దగ్గర అడ్డదారులు పడతాయి.

రాయి కదిపేటప్పుడు గడ్డపారతో అవతలి అంచు ముందు లేచేలా ఎత్తండి. కింద రక్తపింజరి గానీ తేలు గానీ ఉంటే మీ వైపుకు రాదు. తోలు చేతితొడుగులు, మడమ దాటిన బూట్లు లేకుండా ఈ పనికి దిగవద్దు. పాము కరిస్తే తాడు కట్టకూడదు, కోయకూడదు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: దిగుడు మలుపుల ముందు నేల అలలు అలలుగా లేచింది. అక్కడికి వచ్చేసరికి బ్రేకులు కూడా కీచుమంటున్నాయి. రెండింటికీ సంబంధం ఉందా? (విశాఖపట్నం)

జవాబు: ఉంది. మలుపులోకి వచ్చాక వెనక బ్రేకు బిగించి చక్రాన్ని ఈడిస్తే అది ఎగిరెగిరి పడుతూ నేలను తవ్వుతుంది. ఆ అలలు అలా వచ్చినవే. వాటి మీద పోయే తరవాతి సైకిలు కూడా అక్కడే ఎగురుతుంది, అలా పెరుగుతూ పోతాయి. మలుపుకు ముందు, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే రెండు బ్రేకులూ ఒక్కో వేలితో నొక్కి వేగం తగ్గించుకోండి. తగ్గాక వదిలేసి తిరగండి. అలల్ని దంతెతో గీకి చదును చేసినా రైడర్లు అలవాటు మార్చుకోకపోతే నెలలో మళ్ళీ వస్తాయి. మలుపుకు పది మీటర్ల ముందు చిన్న ఎక్కుడు వచ్చేలా బాట మారిస్తే వేగం దానంతటదే తగ్గుతుంది.

కీచు శబ్దానికి ఎక్కువసార్లు కారణం చెయిను మీద కొట్టిన స్ప్రే నూనె డిస్కు మీద పడటం. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. నూనె పీల్చుకున్న ప్యాడ్లు బాగుపడవు, మార్చేయాలి. కొత్త ప్యాడ్లు వేశాక చదునైన రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి నడక వేగానికి, చక్రం ఆగిపోకుండా, ఇరవైసార్లు తగ్గించండి. అప్పుడే పట్టు వస్తుంది. బ్రేకు గొట్టంలో పోసే నూనె విషయంలో జాగ్రత్త: షిమానో బ్రేకులకు మినరల్ ఆయిల్. కార్ల బ్రేకుల్లో వాడే డాట్ ద్రవం పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి మొత్తం పాడవుతుంది.

ప్రశ్న: కొత్త బాట వేయాలంటే ఎవరిని అడగాలి? (కంబాలకొండ దగ్గర ఉండే పాఠకురాలు)

జవాబు: కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద లోపలికి వెళ్ళడానికే అనుమతి కావాలి, కాబట్టి పార పట్టుకుని వెళ్ళే ఆలోచన వదలండి. సందర్శకులకు తెరిచిన దారులే వాడుకోండి. రిజర్వు ఫారెస్టులో కూడా అనుమతి లేకుండా తవ్వినా, చెట్లు కొట్టినా 1967 నాటి అటవీ చట్టం కింద నేరమే. పట్టా భూమి అయితే యజమాని సమ్మతి కాగితం మీద రాయించుకోండి, ఊరుమ్మడి భూమి అయితే పంచాయతీలో అర్జీ ఇవ్వండి. అర్జీతో పాటు ఎక్కడ ఎంత వాలు ఉందో, పల్లాలు ఎక్కడ పెడతారో గీసిన పటం జతచేయండి. ఆ గుట్ట మీద మేకలు, గొర్రెలు మేపేవాళ్ళతో ముందే మాట్లాడండి. మంద వెళ్ళే వేళలు వాళ్ళు చెబుతారు, ఆ వేళల్లో దిగుడు తొక్కకూడదు. మంద ఎదురైతే దిగువ పక్కన దిగి ఆగండి. జీవాలు బెదిరితే ఎగువకే పరుగెడతాయి.