‘స్టూడెంట్ డేటింగ్ సిస్టమ్’ ప్రాజెక్టు టాపిక్‌ను మార్చుకోవాలా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సబ్జెక్టులో మా బ్యాచ్‌కు ‘స్టూడెంట్ డేటింగ్ సిస్టమ్’ టాపిక్ వచ్చింది. రిక్వైర్‌మెంట్స్ (సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలన్న అవసరాలు) సేకరించి, ఎస్‌ఆర్‌ఎస్ (వాటిని వివరించే పత్రం) రాసి, యూఎంఎల్ మోడల్స్ (సిస్టమ్ నిర్మాణాన్ని, నడకను చూపే ప్రామాణిక బొమ్మలు) గీయాలి. పేరు వినగానే నాన్నగారు టాపిక్ మార్పించుకోమన్నారు. నాకు మాత్రం కోడింగ్ కంటే ఈ తరహా పనే నచ్చుతోంది. టాపిక్ మార్చుకోవాలా? ఈ పనికి ఉద్యోగావకాశాలు ఉంటాయా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: తొందరపడి టాపిక్ మార్చుకోవద్దన్నది నా అభిప్రాయం. లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ వంటి అంశాలను ఏటా ఎన్నో బ్యాచ్‌లు చేస్తుంటాయి. వాటి ఎస్‌ఆర్‌ఎస్‌లు అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరుకుతాయి గనుక, ఎవరినీ ఒక్క ప్రశ్న అడగకుండానే రికార్డు పూర్తి చేసి సంతకం పెట్టించుకోవచ్చు. మీకు వచ్చిన అంశంలో ఆ వెసులుబాటు లేదు. నలుగురిలో చెప్పుకోవడానికి ఇష్టపడని విషయాలను ఎదుటివారి గౌరవానికి భంగం కలగకుండా అడిగి తెలుసుకోవాలి, వాటిని పరీక్షించడానికి వీలైన వాక్యాలుగా మార్చాలి. మీకు నచ్చుతున్నదని చెప్పిన వృత్తిలో రోజూ చేయవలసిన పని ఇదే.

నిజానికి ఈ అంశం విద్యార్థి ప్రాజెక్టులకు కొత్త కాదు. 1959లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు తమ కోర్సు ప్రాజెక్టుగానే ఐబీఎం 650 కంప్యూటర్‌తో 49 మంది పురుషులకూ 49 మంది మహిళలకూ జతలు కుదిర్చారు. 1965లో హార్వర్డ్ విద్యార్థులు ‘ఆపరేషన్ మ్యాచ్’ పేరుతో, ప్రశ్నావళి నింపి 3 డాలర్లు చెల్లించిన వారికి కంప్యూటర్ ఎంచిన జతల పేర్లు పంపించారు. అంటే ఎవరికి ఎవరు సరిపోతారన్న లెక్క మీ నాన్నగారి చిన్ననాటికే సాధ్యమైంది. మీ ఎస్‌ఆర్‌ఎస్‌కు విలువ తెచ్చేది, ఒకరు ‘వద్దు’ అన్నప్పుడు సిస్టమ్ ఎలా నడుచుకోవాలో మీరు ఎంత జాగ్రత్తగా రాస్తారన్నదే.

సేకరణ విషయానికి వస్తే, చాలా బ్యాచ్‌లు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒక గూగుల్ ఫామ్ పెట్టి ఊరుకుంటాయి. ఆ ఫామ్‌లో ఒకరికి ఒకే సమాధానం అన్న పరిమితి పెడితే జవాబిచ్చేవారు తమ గూగుల్ ఖాతాతో లాగిన్ కావలసి వస్తుంది. ఖాతా అడిగిన ఫామ్‌లో ఇటువంటి విషయంపై ఎవరూ నిజం రాయరు. ఆ పరిమితిని, ఈమెయిల్ సేకరణను రెండింటినీ తీసివేయండి. గ్రూపు చర్చ కంటే విడివిడి ఇంటర్వ్యూలు మేలు. హాస్టల్‌లో ఉండేవారితో, రోజూ ఇంటి నుంచి వచ్చేవారితో, ముఖ్యంగా ఇటువంటి యాప్‌ను ఎన్నటికీ వాడనని చెప్పేవారితో మాట్లాడండి, ఎందుకంటే తమ ఫొటోతో వేరెవరో ప్రొఫైల్ సృష్టిస్తే నష్టపోయేది వారే గనుక వారు కూడా స్టేక్‌హోల్డర్లే, అంటే ఈ సిస్టమ్ ప్రభావం పడేవారే. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం కళాశాలలో లైంగిక వేధింపులపై అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలిని తప్పక కలవండి. ‘ఇటువంటి యాప్ ఉంటే వాడతారా?’ అని అడిగితే మొహమాటపు జవాబే వస్తుంది. ‘మీకు అక్కరలేని మెసేజ్ చివరిసారి ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏం చేశారు?’ అని అడిగితే దాని నుంచి నాలుగు రిక్వైర్‌మెంట్లు రాసుకోవచ్చు.

మన కళాశాలల పరిస్థితిని గమనిస్తే, విదేశీ యాప్‌ను చూసి రాసేవారికి కనిపించని విషయాలు బయటపడతాయి. హాల్‌టికెట్ నంబరును లాగిన్ పేరుగా పెట్టడం మనకు అలవాటు, కానీ ఆ నంబరు చూసినవారికి చేరిన సంవత్సరం, కళాశాల, బ్రాంచి తెలిసిపోతాయి. బ్రాంచి, సెక్షన్, సొంత ఊరు మూడూ ప్రొఫైల్‌లో ఉంటే పేరు దాచినా ప్రయోజనం లేదు. నగరమంతటికీ పనికివచ్చే ‘ఎంత దూరంలో ఉన్నారు’ అనే సౌకర్యం, ఒకే క్యాంపస్‌లో ఎవరు ఏ హాస్టల్ బ్లాకులో ఉన్నారో చూపించే సాధనంగా మారుతుంది. వయసు విషయం ఇంకా ముఖ్యం. ఇంటర్మీడియట్ పూర్తిచేసి వచ్చే మొదటి సంవత్సరం విద్యార్థుల్లో 18 నిండనివారు ఉంటారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే పరిగణిస్తుంది, వారి సమాచారాన్ని వాడుకోవడానికి ధ్రువీకరించదగిన తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. కాబట్టి కళాశాల గుర్తింపు కార్డు ఉంటే చాలుననే రిక్వైర్‌మెంట్ తప్పు. పుట్టినతేదీ నిర్ధారణ వేరుగా ఉండాలి, 18 నిండనివారిని సిస్టమ్‌లోకి అనుమతించకూడదు. సమ్మతిని ఇచ్చినంత సులభంగానే వెనక్కి తీసుకునే వీలుండాలని కూడా అదే చట్టం చెబుతోంది. ఒక్క బటన్‌తో చేరే సిస్టమ్ నుంచి బయటపడడానికి ఐదు స్క్రీన్లు దాటవలసి వస్తే అది మీ ఎస్‌ఆర్‌ఎస్‌లో లోపమే.

ఇక రాసే పద్ధతి. ‘సిస్టమ్ సురక్షితంగా ఉండాలి’ అన్నది కోరిక మాత్రమే, దాన్ని ఎవరూ పరీక్షించలేరు. దాని స్థానంలో ఇలా రాయండి: ‘ఒక విద్యార్థి మరొకరిని బ్లాక్ చేసిన వెంటనే ఇద్దరి ప్రొఫైళ్లూ పరస్పరం కనిపించకుండా పోవాలి, బ్లాక్ అయిన వ్యక్తికి ఎటువంటి నోటిఫికేషన్ వెళ్లకూడదు, ఆ వ్యక్తి అదే గుర్తింపుతో కొత్త ఖాతా తెరిచినా బ్లాక్ కొనసాగాలి.’ ఇందులోని మూడు భాగాలకూ మూడు టెస్ట్ కేసులు (సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలు) రాయవచ్చు. మన ఇళ్లలో సంబంధం నచ్చనప్పుడు ‘జాతకాలు కలవలేదు’ అని కబురు పంపడం ఆనవాయితీ. కారణం చెప్పకుండా, ఎవరినీ నొప్పించకుండా తిరస్కరించే ఆ వీలును సిస్టమ్ కూడా కల్పించాలి.

యూఎంఎల్‌లో యూజ్ కేస్ డయాగ్రమ్ (సిస్టమ్‌తో ఎవరు ఏ పని చేస్తారో చూపే బొమ్మ) అందరూ గీస్తారు. అందులో ‘అడ్మిన్’ అనే ఒకే యాక్టర్‌కు, అంటే ఒకే పాత్రకు, సర్వాధికారాలూ ఇవ్వకండి. ఖాతాలు నిర్వహించే వ్యక్తి, ఫిర్యాదులు చూసే వ్యక్తి వేర్వేరుగా ఉండాలి, మొదటివారికి విద్యార్థుల మెసేజ్‌లు చదివే అధికారం ఉండకూడదు. సిస్టమ్‌లోని అంశాలను (క్లాస్‌లను), వాటి సంబంధాలను చూపే క్లాస్ డయాగ్రమ్‌లో ఇద్దరు విద్యార్థుల మధ్య ఒక గీత గీసి ‘మ్యాచ్’ అని రాయడం సాధారణంగా కనిపించే పొరపాటు. ‘ఆసక్తి’ని ప్రత్యేక క్లాస్‌గా తీసుకోండి; దానికి పంపినవారు ఒకరు, అందుకునేవారు ఒకరు ఉంటారు. రెండు దిక్కుల నుంచీ ఆసక్తి ఉన్నప్పుడే మ్యాచ్ పుడుతుంది, ఏ ఒక్కరు వెనక్కి తీసుకున్నా అది రద్దవుతుంది. ఈ మార్పులన్నిటినీ స్టేట్ డయాగ్రమ్‌లో (ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడాన్ని బాణాలతో చూపే బొమ్మలో) చూపితే, ప్రతి స్థితి నుంచీ బయటికి వెళ్లే బాణం ఉందో లేదో కంటితోనే తెలుస్తుంది. వైవాలో ఎగ్జామినర్ అడిగినా అడగకపోయినా ఈ డయాగ్రమ్‌కే ఎక్కువ సమయం కేటాయించండి.

ఇక్కడ మీకొక చిక్కు ఎదురవుతుంది. వినియోగదారు కోరినప్పుడు సమాచారం తొలగించాలి. అయితే వేధించిన వ్యక్తి ఫిర్యాదు రాగానే ఖాతా తొలగించుకుంటే సాక్ష్యం కూడా పోతుంది. నేనైతే ఖాతా వెంటనే అందరికీ కనిపించకుండా పోవాలని, ఫిర్యాదు పెండింగులో ఉంటే సంబంధిత మెసేజ్‌లు మాత్రం అది తేలేవరకు కమిటీకి మాత్రమే అందుబాటులో ఉండాలని రాస్తాను. మీరు వేరే పరిష్కారం ఎంచుకోవచ్చు గానీ, రెండు రిక్వైర్‌మెంట్లు ఢీకొన్న చోటును, ఎవరితో మాట్లాడి ఏ కారణంతో దాన్ని తేల్చారో రికార్డులో చూపండి. ఎస్‌ఆర్‌ఎస్ రాసే నమూనా విషయానికొస్తే, పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ కనిపించే ఐఈఈఈ 830 ప్రమాణం స్థానంలో 2011లోనే ఐఎస్‌ఓ/ఐఈసీ/ఐఈఈఈ 29148 అనే ప్రమాణం వచ్చింది. మీ గైడ్ ఏది అడిగితే అది వాడండి, మార్కుల విషయంలో వాదన అనవసరం.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. బిజినెస్ అనలిస్ట్, ప్రొడక్ట్ అనలిస్ట్, ప్రొడక్ట్ ఓనర్ హోదాల్లో ఇదే పని ఉంటుంది, కానీ ఫ్రెషర్లను నేరుగా బిజినెస్ అనలిస్టులుగా తీసుకునే సంస్థలు తక్కువ. టెస్టింగ్‌లోనో సపోర్టులోనో చేరి, ఒక రంగంపై పట్టు సాధించి ఇటు మారేవారే ఎక్కువ. కోడింగ్ నచ్చకపోయినా డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే ఎస్‌క్యూఎల్ బాగా రావాలి, రెండు సాఫ్ట్‌వేర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఏపీఐ అంటే ఏమిటో తెలియాలి. యూజర్ స్టోరీలు (వినియోగదారు కోణంలో రాసే చిన్న రిక్వైర్‌మెంట్లు), వాటి అంగీకార ప్రమాణాలు రాయడం, పనుల పురోగతిని నమోదు చేసే జిరా సాఫ్ట్‌వేర్ వాడకం ఇప్పుడే నేర్చుకోవచ్చు. కొత్తవారి కోసం బిజినెస్ అనాలిసిస్‌లో ఐఐబీఏ సంస్థ ఈసీబీఏ, రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్‌లో ఐఆర్‌ఈబీ సంస్థ సీపీఆర్‌ఈ ఫౌండేషన్ అనే సర్టిఫికెట్ పరీక్షలు అందిస్తున్నాయి. మూడో సంవత్సరంలోనే వాటికి డబ్బు కట్టవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. సొంతంగా రాసిన ఒక మంచి ఎస్‌ఆర్‌ఎస్ ఇంటర్వ్యూలో అంతకంటే ఎక్కువ మాట్లాడిస్తుంది.

నాన్నగారితో వాదనకు దిగకుండా, వయసు నిర్ధారణ, బ్లాక్, ఫిర్యాదు భాగాలు పూర్తయ్యాక ఆ పేజీలను ఆయనకే చదివి వినిపించండి. మీ పని కాగితం మీదనే ఉంటుందని, నిజమైన విద్యార్థుల ఫొటోలుగానీ ఫోన్ నంబర్లుగానీ ఎక్కడా సేకరించరని స్పష్టంగా చెప్పండి. ఆ మాటకు మీ బ్యాచ్ మొత్తం కట్టుబడి ఉండాలి. అప్పటికీ ఆయన సమ్మతించకపోతే, హాస్టల్ రూమ్‌మేట్ ఎంపిక సిస్టమ్‌గా మార్చడానికి అనుమతించమని గైడ్‌ను కోరండి. పరస్పర అంగీకారం, తిరస్కరణ, గోప్యత, ఫిర్యాదు అందులోనూ ఉంటాయి కాబట్టి అప్పటివరకు గీసిన మోడల్స్‌లో చాలావరకు పనికివస్తాయి. అయితే మార్పు ఏదైనా మొదటి రివ్యూ లోపే కోరాలి.