వాలులా, వాళ్లా?

సందేహం: నల్లగొండ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. కొందరు పిల్లలు 'ఈ రెండు రేఖల వాళ్లు సమానం' అని రాస్తున్నారు. పుస్తకంలో 'వాలులు' అని ఉంది (వాలు అంటే గీత ఎంత ఏటవాలుగా ఉందో చెప్పే సంఖ్య). కాలు–కాళ్లు అయినప్పుడు వాలు–వాళ్లు ఎందుకు కాదని ఒక అమ్మాయి అడిగింది. ఏమని చెప్పాలి? లంబరేఖ అంటే నిలువు గీతేనని కూడా అనుకుంటున్నారు.

సమాధానం: ఆ అమ్మాయికి వ్యాకరణం పుస్తకంలోంచి కాదు, చెవిలోంచి వచ్చింది. వేలు–వేళ్లు, తేలు–తేళ్లు, మీ పత్తి చేలల్లో సాలు–సాళ్లు. బయటి నుంచి వచ్చిన రైలు, ఫైలు, స్కూలు కూడా ఈ దారినే పట్టాయి. ఆ లెక్కన వాలు 'వాళ్లు' కావలసిందే. కాని ఆ సీటులో సర్వనామం ఎప్పుడో దస్తీ వేసుకుంది. రెండు వాలులను గుణిస్తే −1 అని చెప్పడానికి 'వాళ్ల లబ్ధం −1' అని రాస్తే, ఎవరి లబ్ధమని అడగాల్సి వస్తుంది. పాలమూరు వైపు 'వాండ్లు' అనేవారికి చెవిలో ఈ చిక్కు ఉండదు గాని, పరీక్ష పేపరులో వాళ్లూ 'వాళ్లు' అనే రాస్తారు కదా! అందుకని పుస్తకంలోని 'వాలులు' సరైనదే. అర్థం చెడేచోట సూత్రాన్ని పక్కన పెట్టడం భాషకు అలవాటే.

అసలు బహువచనం అన్నిచోట్లా అక్కర్లేదు. 'అన్నదమ్ములిద్దరి ఎత్తు ఒకటే' అంటాం, 'ఎత్తులు సమానం' అనం. అలాగే 'రెండు రేఖలకూ వాలు ఒకటే' అంటే తెలుగులా ఉంటుంది. లబ్ధం దగ్గర మాత్రం 'వాలుల లబ్ధం' తప్పదు.

ఇక లంబం. సంస్కృతంలో ఆ మాటకు వేలాడేది అని అర్థం. మేస్త్రీ దారానికి గుండు కట్టి గోడ చూసేటప్పుడు అది నిలువే. జ్యామితిలో అలా కాదు: ఒక రేఖ ఇంకోదాన్ని 90 డిగ్రీల కోణంలో కలిస్తే దానికి లంబం, ఒంటరిగా ఏదీ లంబం కాదు. 'దేనికి?' అని అడిగే అలవాటు చేయండి. బోర్డు మీద (1, 2), (3, 6) కలపండి, నిలువు తేడా 4ను అడ్డం తేడా 2తో భాగిస్తే వాలు 2. (0, 5), (2, 9) కలపండి, దాని వాలూ 2. మొదటి గీత (0, 5) మీదుగా పోదు కనుక రెండూ ఒకటే గీత కాదు, సమాంతరాలు. ఇప్పుడు (0, 5) నుంచి (4, 3)కి గీయండి. వాలు −1/2. 2తో గుణిస్తే −1. రెండు వాలుల లబ్ధం −1 అయితే ఆ గీతలు లంబాలు, కాబట్టి మొదటి రెండింటికీ ఇది లంబం. కాని మూడింటిలో ఒక్కటీ నిలువుగా లేదు. ఇది చూపిస్తే చాలు, నిర్వచనం వల్లె వేయించనక్కర్లేదు.

మీరు అడగకపోయినా ఇంకో మాట. 'బాత్రూములో వాలు లేదు, నీళ్లు పోవడం లేదు' అంటే మనకు నేల చదునుగా ఉందని. గణితంలో చదునైన గీతకు వాలు ఉంది, దాని విలువ సున్నా. (3, 1), (3, 7) కలిపే నిలువు గీతకు మాత్రం 6ను సున్నాతో భాగించాల్సి వస్తుంది గనుక వాలు చెప్పలేం. ఇంటి మాట అలవాటుతో పిల్లలు ఈ రెంటినీ తారుమారు చేస్తారు. కాబట్టి 'వాలు లేదు' అనే మాట తరగతిలో అసలు వాడకండి. ఒకదానికి 'వాలు సున్నా', రెండోదానికి 'వాలు నిర్వచితం కాదు' అనండి. అడ్డగీత, నిలువుగీత ఒకదానికొకటి లంబాలే అయినా, అక్కడ −1 సూత్రం పనిచేయదు.