ఇద్దరూ పీహెచ్‌డీ అంటున్నారు, ఎవరిని ఆపాలి?

ప్రశ్న: నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. ఇంకో మూడేళ్లలో రిటైర్ అవుతాను. మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి చేసింది. అబ్బాయి ఎంఏ హిస్టరీ రెండో ఏడాదిలో ఉన్నాడు. ఇద్దరూ పీహెచ్‌డీ చేస్తామంటున్నారు. అమ్మాయిది సైన్సు కాబట్టి ఏదో ఒకటి దొరుకుతుందని ధైర్యం. హిస్టరీలో పీహెచ్‌డీ చేసి వాడేం తింటాడు? నచ్చజెప్పి బీఈడీలో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: నేను రీసెర్చ్ చేస్తానన్నప్పుడు మా నాన్నగారు అడిగిన ప్రశ్న కూడా ఇదే. అందుకే మీ టెన్షన్ నాకు కొత్త కాదు. కానీ సైన్సు అయితే గట్టెక్కుతారు, హిస్టరీ అయితే మునుగుతారు అనే లెక్కతో మాత్రం పిల్లల్ని చూడకండి. ఆ లెక్క నమ్మి సైన్సులో చేరి, ఏడేళ్లకు కూడా థీసిస్ ఇవ్వలేక ఇంటికి వచ్చినవాళ్లు నా దగ్గరకు వస్తూనే ఉంటారు.

ముందు డబ్బు సంగతి. మీరు రిటైర్ అయ్యే నాటికి పిల్లల చదువు మీ పెన్షన్ మీద పడకూడదు. కాబట్టి ఇద్దరికీ ఒకటే షరతు పెట్టండి: ఫెలోషిప్, అంటే రీసెర్చ్ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బు, వస్తేనే పీహెచ్‌డీ. అమ్మాయి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ పేపర్ రాయాలి, అబ్బాయి యూజీసీ నెట్ రాయాలి. రెండూ జాతీయ స్థాయి అర్హత పరీక్షలే. వాటిలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తరువాత 42,000 రూపాయలు, హాస్టల్ లేకపోతే ఇంటద్దె అదనం. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. జేఆర్‌ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే నెలకు 8,000 ఇస్తారు. రాష్ట్ర యూనివర్సిటీలో చాలామందికి అదీ ఉండదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పిల్లలకు విడిగా నేషనల్ ఫెలోషిప్‌లు ఉన్నాయి, మీకు వర్తిస్తుందేమో చూసుకోండి. ఒక్కోసారి ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి ఆగిపోయి ఒకేసారి పడుతుంది. చేరిన మొదటి ఆరు నెలలకు సరిపడా కొంత పక్కన పెట్టుకోవాల్సిందే.

మన దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం. దక్షిణ కొరియా 4 శాతం పైనే పెడుతుంది. ఈ తేడా మీ అమ్మాయికి ల్యాబ్‌లో ప్రతి రోజూ తగులుతుంది. నా రోజుల్లో ఒక ఎంజైమ్ కావాలంటే మూడు కొటేషన్లు తెచ్చి, ఫైలు పెట్టి, అకౌంట్స్ సెక్షన్ చుట్టూ తిరిగేవాళ్లం. థర్మోకోల్ పెట్టెలో అది మా చేతికి వచ్చేసరికి నాలుగైదు నెలలు అయ్యేది. ఒక మే నెల శనివారం రాత్రి కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిల్ లేదు. సోమవారం పొద్దున డీప్ ఫ్రీజర్ తెరిస్తే అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి, ట్యూబుల మీద నేను రాసుకున్న నంబర్లు కారిపోయి నీలం మరకలయ్యాయి. ఏడాదిన్నర పాటు ఆస్పత్రుల చుట్టూ తిరిగి తెచ్చుకున్న సీరం శాంపిళ్లు అవి. మళ్లీ మొదటి నుంచి తెచ్చుకున్నాను.

అందుకని మీ అమ్మాయి ల్యాబ్ చూడటానికి వెళ్లినప్పుడు గైడ్ (పీహెచ్‌డీ చేయించే ప్రొఫెసర్) ఉపన్యాసం కన్నా ఫ్రీజర్‌కి బ్యాకప్ ఉందా లేదా అన్నది చూడమనండి. గైడ్ చేతిలో ఇప్పుడు నడుస్తున్న ప్రాజెక్టు ఉందా, అది ఇంకెన్నేళ్లు ఉంటుంది? సీనియర్లను క్యాంటీన్‌లో, గైడ్ లేనప్పుడు కలిసి అడగాలి. ఆ గైడ్ దగ్గర పూర్తయిన థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఇంట్లో కూర్చుని చదవొచ్చు. ఒక విషయంలో మాత్రం ఈ తరం అదృష్టం మాకు లేదు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద దాదాపు 13,000 జర్నళ్లు (పరిశోధన పత్రికలు) ప్రభుత్వ యూనివర్సిటీల పిల్లలకు అందుతున్నాయి.

ఇక అబ్బాయి. హిస్టరీకి ఫ్రీజర్ అక్కర్లేదు, కానీ డబ్బు ఇంకా తక్కువ. యూజీసీ జేఆర్‌ఎఫ్‌లో పుస్తకాలకు, ప్రయాణాలకు ఇచ్చేది మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000 రూపాయలు. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌కి ఒకసారి వెళ్లి పది రోజులు ఉంటే అయిపోయే మొత్తం అది. కాబట్టి సామగ్రి దగ్గర్లో దొరికే టాపిక్ ఎంచుకోవాలి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో (పాత ప్రభుత్వ కాగితాలు దాచే చోటు) మొఘల్ కాలం నుంచి నిజాం పాలన దాకా కాగితాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఎక్కువ భాగం ఫార్సీ, ఉర్దూలలో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లల్లో వాటిని చదవగలిగేవాళ్లు బహు తక్కువ. మీ అబ్బాయి ఏడాది పాటు పట్టుబట్టి ఉర్దూ నేర్చుకుంటే తన బ్యాచ్‌లో ఎవరికీ లేని బలం అతనికి వస్తుంది. మీ ఊళ్లో నేర్పేవాళ్లు దొరక్కపోరు. ఆంధ్ర వైపు టాపిక్ అయితే వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, పాత తెలుగు పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు అక్కడికి.

దగ్గర్లో దొరికే సామగ్రితో ఎంత పని చేయొచ్చో చూడండి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది. వ్యవసాయం మాటలు. జిల్లా జిల్లాలో రైతులు నాగలినీ, దాని భాగాలనూ ఏమంటారో వాళ్ల నోటనే విని రాసుకున్నారు. ఆ పని విదేశాల్లో కూర్చున్నవాళ్లెవరూ చేయలేరు. సైన్సులోనూ ఇంతే. ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందిస్తే, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పడింది. ఆ పేరుతోనే ఆఫ్రికా దేశాల్లోనూ వాడి చూశారు. మన కళ్లముందున్న సమస్య, మన చేతికందే సామగ్రి తీసుకుంటే తక్కువ డబ్బుతో కూడా గట్టి పని చేయొచ్చు. మీ ఇద్దరు పిల్లలకూ నేను చెప్పేది ఇదే.

ఉద్యోగాల గురించి దాచను. రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి సాగుతోంది, కాంట్రాక్టు వాళ్లతోనే చాలా డిపార్ట్‌మెంట్లు నెట్టుకొస్తున్నాయి. అమ్మాయికి హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలో బయోటెక్ కంపెనీలున్నాయి, అబ్బాయికి అలాంటి దారి లేదు. అయితే 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) చాలు. అంటే నెట్ కోసం చదివిన చదువు ఎటుపోయినా వృథా కాదు. బీఈడీ రెండేళ్ల తరువాత కూడా చేయొచ్చు.

బంధువులు అమ్మాయి పెళ్లి మాట ఎత్తుతారు కాబట్టి ఇదీ తెలుసుకోండి. పీహెచ్‌డీకి ఆరేళ్ల గడువు, ఆడపిల్లలకు ఇంకో రెండేళ్ల వరకు ఇస్తారు, 240 రోజుల ప్రసూతి సెలవు కూడా ఉంది. పెళ్లికీ పీహెచ్‌డీకీ పోటీ పెట్టకండి.

డబ్బు కట్టించుకుని వారంలో పేపర్ అచ్చేసే జర్నళ్ల జోలికి ఇద్దరూ పోకూడదు. 2022 నిబంధనల్లో యూజీసీ, థీసిస్ ఇచ్చే ముందు జర్నల్‌లో పేపర్ తప్పనిసరి అన్న షరతే తీసేసింది. కొన్ని యూనివర్సిటీలు సొంతంగా అడుగుతాయి, అడిగినా మంచిచోట ఒక్కటి వేసుకుంటే చాలు.

నెట్‌కి రెండేళ్లు, నాలుగు ప్రయత్నాలు ఇవ్వండి. ఈలోగా, వచ్చే సెలవుల్లో డిపార్ట్‌మెంట్ నుంచి లెటర్ తీసుకుని అబ్బాయిని తార్నాక వెళ్లమనండి. ఒక కట్ట విప్పించుకుని, ఆ దుమ్ములో సాయంత్రం దాకా కూర్చుని, మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్తానన్నాడంటే బీఈడీ మాట ఎత్తకండి.