సిటీ బస్సు సిబ్బంది ఆరోగ్యం బాగుపడాలంటే ముందు టైమ్‌టేబుల్ దిద్దాలి

ప్రశ్న: బస్సులు, మెట్రోలు నడిపే సిబ్బంది ఆరోగ్యం, భద్రత కోసం సంస్థ ఏం చేస్తే నిజంగా పనికొస్తుంది? ఏడాదికోసారి హెల్త్ క్యాంపు, యోగా తరగతులు పెడితే సరిపోదా?

సరిపోదు. క్యాంపులో బీపీ, షుగరు చూసి చీటీ రాసిస్తారు. మర్నాడు ఆ మనిషి ఎక్కేది అదే సీటు, చేసేది అదే డ్యూటీ. డ్రైవరు ఒళ్లు పాడయ్యేది ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఉండే ఆ కొద్ది నిమిషాల దగ్గర. అందుకే నేను ముందు టైమ్‌టేబుల్ గురించి మాట్లాడతాను.

ఒక డ్యూటీ లెక్క చూడండి. రన్నింగ్ టైమ్, అంటే ఒక చివర నుంచి ఇంకో చివరకి పట్టే సమయం, 50 నిమిషాలు, ప్రతి చివరా 8 నిమిషాల ఆగుదల. మొదటి బస్సు 5:00కి. తర్వాతవి 5:58, 6:56, 7:54, 8:52, 9:50, 10:48. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. మొదటి మూడు ట్రిప్పులు సాఫీగానే నడుస్తాయి. 7:54 ట్రిప్పుకి రద్దీ మొదలై 57 నిమిషాలు పడుతుంది. 8:51కి చేరితే 8:52కి మళ్లీ తీయాలి, అంటే ఆ నిమిషంలోనే జనం దిగాలి, ఎక్కాలి. తర్వాతి ట్రిప్పుకి 62 నిమిషాలు. 9:54కి చేరేసరికి బయల్దేరాల్సిన టైము దాటి 4 నిమిషాలైంది, కంట్రోలరు "ఆపకు, తియ్యి" అంటాడు. ఆ ట్రిప్పుకి 58 నిమిషాలు పట్టి 10:52కి చేరితే, అక్కడా అదే 4 నిమిషాల ఆలస్యం ఎదురుచూస్తుంటుంది. 7:54కి కూర్చున్న మనిషి దాదాపు 3 గంటలు సీట్లోంచి లేవలేదు. చార్టులో మాత్రం ఆ 3 గంటల్లో మూడుసార్లు 8 నిమిషాల విరామం ఇచ్చినట్టే ఉంటుంది.

తప్పు ఎక్కడుందంటే, ఆ 8 నిమిషాలకి రెండు పనులు అప్పగించారు. బస్సు ఆలస్యాన్ని సర్దుకోవడానికీ అవే, మనిషి లేచి నడవడానికీ అవే. రెండూ ఒకే ఖాతాలో ఉంటే ఎప్పుడూ బస్సే మొత్తం వాడేసుకుంటుంది. రెంటినీ విడదీయాలి. మొదటి పని, రోజంతటికీ ఒకే రన్నింగ్ టైమ్ పెట్టడం మానేసి తెల్లవారుజాము, ఉదయం రద్దీ, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని వేర్వేరుగా కట్టాలి. సగటు తీసుకోకూడదు. సగటు పెడితే దాదాపు సగం ట్రిప్పులు ఆలస్యం కావాల్సిందే. జీపీఎస్ రికార్డుల్లో 100 ట్రిప్పుల్లో 85 ఎంతలోపు పూర్తయ్యాయో చూసి, ఆ అంకె వరకు బస్సు ఖాతాలో వేయాలి. దాని పైన కనీసం 6 నిమిషాలు మనిషి ఖాతాలో ఉండాలి. బస్సు ఎంత లేటైనా కంట్రోలరు ఆ 6 నిమిషాలు ముట్టకూడదని రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాటగా చెబితే రద్దీ వేళ అది చెల్లదు.

బస్సులు పెంచే వీలు లేని చోట ఇంకో దారి ఉంది, మెట్రోల్లో చాలా చోట్ల నడుస్తున్నదే. చివరి స్టేషన్‌కి వచ్చిన డ్రైవరు దిగిపోతాడు, ముందే అక్కడ దిగి ఉన్న డ్రైవరు ఆ బండి ఎక్కి వెంటనే తీస్తాడు. దిగినవాడు వెనక వచ్చే బండి ఎక్కుతాడు. దీన్ని స్టెప్ బ్యాక్ అంటారు. 10 నిమిషాలకో బస్సు వచ్చే రూట్లో ప్రతి డ్రైవరుకీ ట్రిప్పు చివర 10 నిమిషాలు అదనంగా దొరుకుతాయి, దీనికి ఆ చివర ఒక్క డ్రైవరు ఎక్కువైతే చాలు. బండి మారిన ప్రతిసారీ సీటు, అద్దాలు సరిచేసుకోవడానికి ఒక నిమిషం కలపాలి.

ఇప్పుడు టాయిలెట్. మామూలు నడకలో నిమిషానికి 80 మీటర్లు వేసుకోండి. టాయిలెట్ 300 మీటర్ల దూరంలో ఉంటే రానుపోను నడకకే ఏడున్నర నిమిషాలు. అలాంటిది ఉన్నా లేనట్టే. 100 మీటర్లలోపు ఉంటే, మనిషి ఖాతాలోని 6 నిమిషాల్లో నడకకి రెండున్నర పోయి, మిగతా మూడున్నర పనికి. మొదటి బస్సుకి ముందే తెరిచి, చివరి బస్సు వెళ్లాకే మూయాలి. లోపల నీళ్లు, లైటు, గట్టి గడియ, శానిటరీ ప్యాడ్లకి మూత ఉన్న డబ్బా ఉండాలి. క్యాష్ బ్యాగు, టికెట్ మిషను తగిలించుకునే కొక్కెం కూడా. ఆ కొక్కెం లేకే బ్యాగు ఎవరికీ అప్పగించలేక లోపలికి వెళ్లని కండక్టర్లు ఉంటారు. ప్లానులు గీసేవాళ్లకి ఇది తట్టదు.

టాయిలెట్ లేదని నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు, మలబద్ధకం. ఆడవాళ్లకి ఇన్ఫెక్షన్ల ముప్పు ఇంకా ఎక్కువ. వేడిలో పనిచేసేవాళ్లు 15-20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే సుమారు 250 మిల్లీలీటర్లు తాగాలని నిపుణులు చెబుతారు. ఇంజిను ముందున్న బస్సులో బానెట్ పక్కన కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పి, వెళ్లడానికి చోటు చూపించకపోవడం అన్యాయం. "నీళ్లు ఎక్కువ తాగండి" అన్న పోస్టరు అతికించే ముందు టాయిలెట్ తాళం తీయించండి. బానెట్ కింద వేడి ఆపే పొర చిరిగిందా, రబ్బరు సీలు ఊడిందా అన్నది ప్రతి సర్వీసింగులో చూడాలి.

సీటు విషయానికొస్తే, సరిచేసుకునే వరుస ముఖ్యం. ముందు ఎత్తు, పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. తర్వాత ముందుకీ వెనక్కీ జరుపుకోవాలి, పెడల్ చివరిదాకా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేట్టు. ఆపైన వీపు ఆనే భాగం, నడుము దన్ను. చివర స్టీరింగ్, అద్దాలు. ఎయిర్ సస్పెన్షన్ సీటైతే ఒంటి బరువుకి తగ్గట్టు పెట్టుకోకపోతే ప్రతి గుంతకీ సీటు కిందిదాకా దిగి అడుక్కి కొట్టుకుని దెబ్బ నేరుగా వెన్నుకి వస్తుంది. బరువు సరిగా పెట్టినా అలా కొట్టుకుంటోందంటే కుదుపు తగ్గించే డ్యాంపరు పోయినట్టే, దిండు మార్చి లాభం లేదు. సీటు పట్టాల్లో వదులై కదిలే బోల్టులు కూడా చూడాలి. 2002 నాటి యూరప్ నిబంధన ప్రకారం 8 గంటల పనికి ఒంటి కంపనం 0.5 మీటర్/సెకను² దాటితే చర్య తీసుకోవాలి, 1.15 దాటనివ్వకూడదు. కొలిచేది సీటు మీద పెట్టే చిన్న పరికరమే. కొలవకుండా "మా బస్సులు బాగానే ఉన్నాయి" అనడం కుదరదు.

కూర్చునే పని ఎంత నష్టమో తెలిసి చాలా కాలమైంది. లండన్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే కూర్చుని నడిపే డ్రైవర్లకి గుండె జబ్బులు ఎక్కువని బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది. వాళ్లే 1956లో యూనిఫాం కొలతలు చూసి, డ్రైవర్ల నడుము చుట్టుకొలత ఉద్యోగంలో చేరినప్పటి నుంచే ఎక్కువని కూడా తేల్చారు. దీన్ని పట్టుకుని "మీ తిండే కారణం" అని నెపం డ్రైవరు మీదకి తోసేసేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. లేచే వీలు లేని చార్టు చేతికిచ్చి వ్యాయామం గురించి ఉపన్యాసం ఇవ్వకూడదు.

నిద్ర గురించి కూడా చార్టే మాట్లాడాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979 ఒప్పందం, 153వది, ఆపకుండా 4 గంటలకి మించి నడపకూడదనీ, రోజుకి 9, వారానికి 48 గంటలకి మించి డ్రైవింగ్ ఉండకూడదనీ, రోజులో 10 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలనీ చెప్పింది. ఆ 10 గంటలని బండి డిపోలో పెట్టిన క్షణం నుంచి లెక్కపెడితే మోసమే. రాత్రి 11కి బండి పెట్టి, క్యాష్ కట్టి, ఇల్లు చేరి, తిని పడుకునేసరికి 1 అవుతుంది. పొద్దున 9 డ్యూటీకి 7కే లేవాలి, అంటే 10 గంటల్లో నిద్రకి మిగిలింది 6. అందుకే క్యాష్ కట్టాక మొదలుపెట్టి 12 గంటలు ఇవ్వాలి. షిఫ్టులు మార్చేటప్పుడు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరుసలోనే మార్చాలి, వెనక్కి తిప్పితే ఒళ్లు తట్టుకోవడం కష్టం. 17 గంటలు వరుసగా మేలుకుంటే పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న స్థాయికి పడిపోతుందని డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో చూపించారు. పొద్దునా సాయంత్రం విడగొట్టే డ్యూటీల్లో ఈ 17 గంటలు తేలిగ్గా దాటిపోతాయి. మధ్యలో 4 గంటల ఖాళీ ఇచ్చామంటారు గానీ చీకటి గది, మంచం, ఫ్యాను లేకపోతే అది నిద్ర కాదు.

దాడులకి ఎక్కువగా నిప్పు రాజుకునేది ఛార్జీ, చిల్లర దగ్గరే. ఛార్జీ ఒక్కసారి చెప్పు, వాదించకు, టికెట్ తీసుకోనివాళ్లని లెక్కపెట్టే కౌంటరు నొక్కి ముందుకి సాగు అన్న నియమం పెట్టి, ఆ టికెట్ డబ్బు సిబ్బంది జీతంలో కోయనని సంస్థ మాటివ్వాలి. కోత ఉన్నంతకాలం వాదన ఆగదు. డ్రైవరు చుట్టూ అడ్డు అద్దం పెట్టేటప్పుడు పగలు చూసి కొనేయకండి. రాత్రి లోపలి లైట్లన్నీ వేసి, ఎడమ అద్దం వైపు చూస్తే ప్రతిబింబం అడ్డొస్తుందో లేదో చూడాలి. దాడి జరిగితే అక్కడికక్కడే డ్యూటీ దింపాలి, ఇంటిదాకా తోడు పంపాలి, జీతం కోయకూడదు. కెమెరా రికార్డు కొద్ది రోజుల్లో తనంతట తనే చెరిగిపోతుంది కాబట్టి అదే రోజు కాపీ తీసి పెట్టాలి.

డిపోలో పనిచేసేవాళ్లని జనం మర్చిపోతారు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే ఖరారు చేసింది. షెడ్డు లోపల ఇంజిను ఊరికే ఆన్‌లో ఉంచకూడదు, సైలెన్సరుకి పొగ లాగే గొట్టం తగిలించాలి. బ్రేకు డ్రమ్ములో దుమ్ముని కంప్రెసర్ గాలితో ఎప్పుడూ ఊదకూడదు, తడి గుడ్డతో తీయాలి.

మెడికల్ పరీక్షల్లో నాకు కావాల్సింది ఒకటుంది. గురక, పగటి మత్తు ఉన్నవాళ్లకి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, ఉందేమో పరీక్ష చేయించాలి. అది తేలితే చికిత్స కుదిరేదాకా అదే జీతానికి వేరే పని ఇస్తామని ముందే ప్రకటించాలి. ఉద్యోగం పోతుందన్న భయం ఉంటే ఏ డ్రైవరూ గురక సంగతి చెప్పడు.

మీరు యూనియన్ వైపున్నా, మేనేజ్‌మెంట్ వైపున్నా, హెల్త్ క్యాంపు తేదీ కంటే ముందు పోయిన నెల జీపీఎస్ రికార్డు తెప్పించుకోండి. ప్రతి రూట్లో, గంట గంటకీ, చివరి స్టాపులో 5 నిమిషాల కంటే తక్కువ ఆగిన ట్రిప్పులెన్నో లెక్కేయండి. వరుసగా రెండు ట్రిప్పులు అలా జరిగిన డ్యూటీలన్నీ వేరే జాబితా తీసి, వచ్చే చార్టులో వాటినే ముందు మార్చండి.