సౌరాన్ ఉంగరాన్ని ఏలగలవారు ఎవరు?

టాల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లోని ఇతరులను లొంగదీసుకోవడానికి దుష్ట ప్రభువు సౌరాన్ చేసిన ఉంగరాన్ని అతను తప్ప మరెవరైనా వశపరచుకోగలిగేవారా, రాజవంశ వారసుడైన అరగార్న్‌కు ఆ శక్తి లేదా అని అడిగారు. మాంత్రికుడు గాండాల్ఫ్ ఒక్కడికే ఆ అవకాశం ఉండేదని, అప్పుడు మిగిలిన లోకానికి మరింత కీడు జరిగేదని నా అభిప్రాయం.

నేను ప్రొద్దుటూరులో బంగారు పని చేసే ఇంట్లో పెరిగాను. గాండాల్ఫ్ ఆ ఉంగరాన్ని పొయ్యిలో వేసే ఘట్టాన్ని మా నాన్నకు తెలుగులో చెప్పి వినిపించినప్పుడు, బంగారం కరగడానికి 1064 డిగ్రీల వేడి కావాలని, ఇంటి పొయ్యికి అది సాధ్యం కాదని ఆయన వెంటనే అన్నారు; గాండాల్ఫ్ కూడా ఆ ఉంగరం వారసత్వంగా దక్కిన ఫ్రోడోతో దాదాపు ఆ మాటే అంటాడు. కానీ నిప్పులోంచి తీసిన ఉంగరం చల్లగా ఉందనగానే ఆయన పని ఆపి, వేడెక్కని లోహం ఉండదు గనుక అందులో చేసినవాడి శక్తి ఏదో దాగి ఉండాలన్నారు. అసలు విషయం అదే. సౌరాన్ తన శక్తిలో అధిక భాగాన్ని ఆ ఉంగరంలోనే పోశాడు.

అరగార్న్ పలాంటీర్ అనే దూరదర్శన శిలను సౌరాన్ పట్టు నుంచి విడిపించగలిగాడు నిజమే, అయితే ఆ శిల అతని పూర్వీకులది, దానిపై అతనికి హక్కు ఉంది. ఉంగరంపై అలాంటి హక్కు ఎవరికీ లేదు. తండ్రి, తమ్ముడి మరణాలకు పరిహారంగా దాన్ని ఉంచుకున్న అరగార్న్ పూర్వీకుడు ఇసిల్దుర్ నదిలో ఈదుతుండగా అది వేలి నుంచి జారిపోయి, అతన్ని శత్రువుల బాణాలకు అప్పగించింది. అడవిలో ఉండే వింత వ్యక్తి టామ్ బాంబడిల్‌పై దాని ప్రభావమే లేదు గానీ, దాన్ని ఏలాలన్న కోరికా అతనికి లేదు.

ఎల్ఫ్ అనే చిరంజీవ జాతి నాయకురాలు గలాద్రియెల్ విషయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. తాను ఉంగరాన్ని ధరించగలనని ఆమె ఊహించుకుంటుంది, కానీ అలా సర్వాధికారపు కలలు కల్పించడమే ఉంగరపు మాయ అని టాల్కీన్ 1963లో ఒక ఉత్తరపు ముసాయిదాలో రాశారు. సౌరాన్‌తో ముఖాముఖి నిలబడి గెలిచే అవకాశం గాండాల్ఫ్‌కే ఉందని, ఎందుకంటే అతనూ సౌరాన్ కోవకే చెందిన అమర జీవి అని ఆయన వివరించారు. అతను గెలిస్తే సౌరాన్ ఉంగరాన్ని శాశ్వతంగా కోల్పోయేవాడు, కానీ ఉంగరం మిగిలేది, చివరికి అదే యజమాని అయ్యేది. గాండాల్ఫ్ ధర్మం పేరుతోనే లోకాన్ని శాసిస్తూ సౌరాన్ కంటే చాలా ఘోరంగా తయారయ్యేవాడు. ఫ్రోడో ఉంగరం ఇవ్వజూపినప్పుడు తనను ప్రలోభపెట్టవద్దని అతను వేడుకున్నది అందుకే: బలహీనులపై ఉన్న జాలి, మేలు చేయడానికి బలం కావాలన్న కోరిక, ఈ దారిలోనే ఉంగరం తన హృదయంలోకి వస్తుందని అతనికి తెలుసు.